పాత కాస్ట్ ఐరన్ (పోత ఇనుము) ఇంజిన్ బుల్లెట్‌ని రోజూ తిరిగేలా, జనం ఆగి చూసేలా చేయాలంటే ఏ పని ముందు?

మీ ప్రశ్న సారాంశం ఇదీ. నాన్నగారి 1996 బుల్లెట్ 350, ఏపీ 07 నంబరు, మూడేళ్లుగా గుంటూరులో ఇంటి వరండాలో నిలబడి ఉంది. 30,000 రూపాయలు పెట్టగలరు. పెయింటు కొట్టించి, క్రోమ్ చేయించి, పెద్ద శబ్దం చేసే పంజాబీ సైలెన్సర్ వేయించి రోజూ విజయవాడ ఆఫీసుకి దానిమీదే వెళ్లాలని ఉంది. ముందు ఏది చేయించాలి అని అడిగారు.

పెయింటు, క్రోమ్ చివరికి. ఆ పంజాబీ సైలెన్సర్ అసలు వద్దు. బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర పక్కనున్న పెద్దాయన అద్దం దించి "ఏ మోడల్ బాబూ?" అని అడిగేది ట్యాంకు మెరుపు చూసి కాదు. ఒక్క కిక్కుకి స్టార్టయి, పొగ లేకుండా, కింద చుక్క ఆయిల్ కారకుండా, ఒకే లయలో కొట్టుకుంటున్న ఇంజిన్ విని అడుగుతారు. అలాంటి బుల్లెట్లు ఇప్పుడు తక్కువ. కొత్త పెయింటు వేసుకుని సిగ్నల్లో ఆగిపోయేవి ఎక్కువ. అందుకే డబ్బు లోపలి నుంచి బయటికి ఖర్చుపెట్టండి.

ముందుగా, దయచేసి ఇప్పుడే కిక్ కొట్టకండి. ఈ ఇంజిన్‌లో ఆయిల్ ట్యాంకు విడిగా లేదు. క్రాంక్‌కేస్‌లోనే, అంటే ఇంజిన్ కింది పెట్టెలోనే, వెనక భాగంలో ఒక గది పోతపోసి ఉంటుంది. బండి నెలల తరబడి నిలబడితే ఆ గదిలోని ఆయిల్ పంపుల సందుల్లోంచి మెల్లగా ఫ్లైవీల్స్ (క్రాంక్‌తో తిరిగే బరువైన చక్రాలు) ఉన్న వైపుకి దిగిపోతుంది. డిప్‌స్టిక్ తీసి చూస్తే ఖాళీగా కనిపిస్తుంది. ఆయిల్ లేదనుకుని మళ్లీ పోస్తారు. స్టార్ట్ చేయగానే వీధంతా తెల్లటి పొగ, ప్యాకింగులన్నిటి దగ్గరా కారడం. ఇంజిన్ పోయిందని బోరు (సిలిండర్) విప్పేస్తారు. దాంట్లో ఏ తప్పూ ఉండదు. కింద ఉన్న డ్రైన్ ప్లగ్గులన్నీ విప్పి, రెండు వైపుల ఆయిల్ పూర్తిగా దించి, కొత్త ప్యాకింగ్ వాషర్లతో బిగించండి. 20 డబ్ల్యూ 50 ఆయిల్ 2 లీటర్లకి కాస్త అటూ ఇటూగా పడుతుంది. డిప్‌స్టిక్ గీత చూసుకుని పోయండి. స్టార్టయి ఐదు నిమిషాలు నడిచాక ఆపి మళ్లీ చూడండి. ఈ బండికి ఆయిల్ లెవెల్ ఎప్పుడూ నడిపిన తర్వాతే చూడాలి.

ఆయిల్ మార్చేటప్పుడు టైమింగ్ కవర్‌లో ఉన్న ఫిల్టర్ కూడా మార్చాలి. ఫిల్టర్ ఉండే గది ఖాళీ అవుతుంది కాబట్టి కొత్త ఫిల్టర్ పెట్టాక స్పార్క్ ప్లగ్ విప్పి, డీకంప్రెసర్ (సిలిండర్‌లోని ఒత్తిడి వదిలే లివర్) పట్టుకుని ముప్పై నలభై సార్లు కిక్కర్ నెమ్మదిగా తొక్కండి. ఫిల్టర్ గది నిండి ఆయిల్ బిగ్ ఎండ్ (కనెక్టింగ్ రాడ్ క్రాంక్‌కి కలిసే చోటు) దాకా చేరాలి. ఈ కాలపు 350లో బిగ్ ఎండ్ రోలర్ బేరింగ్ కాదు, లోహపు బుష్. ఆయిల్ లేకుండా ఒక్క నిమిషం తిరిగినా దాని ఆయుష్షు తగ్గుతుంది. ఎవరైనా టైమింగ్ కవర్ విప్పితే లోపల క్రాంక్ చివర ఉండే చిన్న కార్క్ సీల్ కొత్తది వేయమని నిలబడి చెప్పండి. చాలా చౌక వస్తువు. పాతదే పెట్టి మూస్తే బిగ్ ఎండ్‌కి వెళ్లాల్సిన ఆయిల్ పక్కకి జారిపోతుంది. మూడు నెలల తర్వాత ఇంజిన్‌లో 'టక టక' మొదలైతే కారణం ఎవరికీ తట్టదు. చాలా బుల్లెట్లు ఇలాగే పోతున్నాయి.

ఆయిల్ పంపు పనిచేస్తోందో లేదో తెలుసుకోవడం తేలిక. ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా హెడ్ మీద రాకర్లకి (వాల్వుల్ని నొక్కే చేతులు) వెళ్లే సన్న ఆయిల్ పైపు బాంజో బోల్టు (మధ్యలో ఆయిల్ దారి ఉన్న బోల్టు) అర చుట్టు వదులు చేయండి. ఆయిల్ ఊరాలి. అర నిమిషం చూసినా రాకపోతే ఇంజిన్ ఆపేయండి, నడపొద్దు.

ఆయిల్ కారడం గురించి ఒక మాట. బుల్లెట్ అంటే కారుతుంది, అది సహజం అంటారు. కాదు. చాలా బళ్లలో కారణం ఒక చిన్న రబ్బరు ముక్క. పిస్టన్ కిందికి దిగినప్పుడు క్రాంక్‌కేస్‌లో గాలి బయటికి పోవడానికి బ్రీదర్ ఉంటుంది. దాని చివర బాతు ముక్కులాంటి రబ్బరు వాల్వు ఉంటుంది. గాలిని బయటికి వదిలి లోపలికి రానివ్వకపోవడం దాని పని. ఏళ్ల తరబడి మన ఎండకి అది గట్టిపడి అతుక్కుపోతుంది. లోపలి ఒత్తిడి దారిలేక ప్రతి ప్యాకింగు దగ్గరా ఆయిల్‌ని బయటికి నెడుతుంది. మెకానిక్ ఏమో ప్యాకింగులన్నీ మార్చి, వాటికి గమ్ము దట్టంగా పూసి బిగిస్తాడు. ఆ గమ్ము ఎండి లోపలికి రాలి ఆయిల్ దారుల్ని మూసేస్తుంది. ముందు రబ్బరు మార్చి 200 కి.మీ. తిప్పండి. అప్పటికీ కారితే ఎక్కడో గుర్తుపెట్టుకుని అక్కడొక్క ప్యాకింగ్ మార్చండి. ఎడమవైపు క్లచ్ కవర్ దగ్గర కారితే మాత్రం సంగతి వేరు. ఆ కవర్ మొత్తం మధ్యలో ఒకే ఒక నట్టు మీద నిలుస్తుంది. కారుతోందని దాన్ని ఇంకా ఇంకా బిగిస్తే కవర్ వంగి అంచులు లేస్తాయి, ఇంకా కారుతుంది. రబ్బరు సీల్ కొత్తది వేసి, అంచులు నూనె లేకుండా తుడిచి, మామూలుగా బిగిస్తే చాలు.

ఆ కవర్ విప్పినప్పుడే లోపలి ప్రైమరీ చైన్ (ఇంజిన్ నుంచి క్లచ్‌ని తిప్పే చైన్) చూడండి. మధ్యలో వేలితో నొక్కితే 6 మి.మీ. ఆడాలి. అన్నిచోట్లా ఒకేలా ఉండదు. కిక్కర్‌తో మెల్లగా తిప్పుతూ బాగా బిగుతుగా ఉన్న చోట కొలవండి. వదులైతే చప్పుడు, బిగుతైతే బేరింగులకి దెబ్బ.

ఇప్పుడు టాపెట్లు, అంటే వాల్వుల్ని తెరిచే రాడ్ల సర్దుబాటు. సిలిండర్ కుడి పక్కన ఒక నట్టుతో ఉన్న చిన్న డోర్ తీస్తే రెండు పుష్ రాడ్లు కనిపిస్తాయి. ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉండాలి. రాత్రి ఆపిన బండికి పొద్దున్నే చేయడం మంచిది. పిస్టన్‌ని కంప్రెషన్ స్ట్రోక్ (రెండు వాల్వులూ మూసి ఉండే దశ) పైకొనకి తెచ్చి రాడ్లని వేళ్లతో తిప్పండి. తేలిగ్గా తిరగాలి, కానీ పైకీ కిందకీ అసలు ఆడకూడదు. కాస్ట్ ఐరన్ బుల్లెట్‌కి టాపెట్ గ్యాప్ సున్నా అని అందుకే అంటారు. ఫీలర్ గేజ్‌తో పనిలేదు, వేళ్లే గేజ్. చప్పుడు తగ్గాలని రాడ్డు తిరగనంత బిగిస్తే ఇంజిన్ వేడెక్కాక ఎగ్జాస్ట్ వాల్వు పూర్తిగా మూసుకోదు. మంట దాని అంచుని తినేస్తుంది. కంప్రెషన్ పోతుంది, వేడిమీద స్టార్ట్ కాదు. కొద్దిపాటి 'టిక్ టిక్' వినిపించే బుల్లెట్ ఆరోగ్యమైన బుల్లెట్. పూర్తిగా నిశ్శబ్దంగా ఉన్న టాపెట్‌ని చూసే భయపడాలి.

పాయింట్ల (స్పార్కు కోసం కరెంటుని తెంపే స్విచ్చు) గ్యాప్ 0.35 నుంచి 0.40 మి.మీ. ముఖాలు గుంటలు పడి ఉంటే అరగదీయకండి, సెట్టు మార్చేయండి. కొత్త పాయింట్లకి పూసి వచ్చే గ్రీజుని పెట్రోల్ గుడ్డతో తుడవండి. తుడవకపోతే కొత్త సెట్టు వేశాక అసలు స్పార్కే రాదు. క్యామ్ మీద రుద్దుకునే ఫెల్ట్‌కి ఒక్క చుక్క ఆయిల్, అంతే. ఎక్కువైతే అది పాయింట్ల మీదికి చిమ్ముతుంది. టైమింగ్ (స్పార్కు పడే క్షణం) విషయానికొస్తే, అడ్వాన్స్ (వేగం పెరిగేకొద్దీ స్పార్కుని ముందుకి జరిపే ఏర్పాటు) పూర్తిగా వెనక్కి ఉన్నప్పుడు పిస్టన్ పైకొన చేరడానికి 0.8 మి.మీ. ముందు పాయింట్లు తెరుచుకోవడం మొదలవ్వాలి. అది ఎప్పుడు తెరుచుకుందో ఆంపియర్ మీటరే చెబుతుంది. తాళం ఆన్ చేసి ఇంజిన్‌ని చేత్తో తిప్పుతుంటే ముల్లు మైనస్ వైపు ఉండి, పాయింట్లు విడిన క్షణంలో మధ్యకి దూకుతుంది. కొత్త బళ్లకి ఎక్కడా లేని సౌకర్యం ఇది.

ఎండాకాలం గంటసేపు నడిచాక బండి తుమ్ముతూ ఆగిపోయి, పావుగంట చల్లారాక మళ్లీ స్టార్టయితే ముందు అనుమానించాల్సింది కండెన్సర్‌ని (పాయింట్ల దగ్గర స్పార్కు పెరగకుండా ఆపే చిన్న భాగం). పాయింట్ల దగ్గర నీలంగా పెద్ద స్పార్కు కనిపిస్తే అదే. పాయింట్లు తీసేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టించుకోమని చెప్పేవాళ్లు ఉంటారు. రోజూ 70 కి.మీ. తిరిగేవాళ్లకి అది తప్పేం కాదు, నిర్వహణ తగ్గుతుంది. కానీ పాత డిస్ట్రిబ్యూటర్ సెట్టు మొత్తం మూటగట్టి ఇంట్లో దాచండి. ఆ కిట్టు దారిలో పోతే రోడ్డు పక్కన బాగుచేయగలిగేవాళ్లు ఉండరు. పాయింట్లయితే మంగళగిరి సెంటర్లో ఏ పాత మెకానిక్ అయినా పది నిమిషాల్లో సరిచేస్తాడు.

ఇవన్నీ కుదిరాక కిక్ కొట్టే తీరు. చాలామంది బలం పెట్టి కొడతారు, కాలు దెబ్బతింటుంది. తాళం ఆన్ చేసి, కిక్కర్‌ని గట్టిపడేదాకా మెల్లగా నొక్కండి. ఆంపియర్ మీటరు ముల్లు మధ్యకొస్తుంది. అక్కడ డీకంప్రెసర్ లివర్ పట్టుకుని, కిక్కర్‌ని ఇంకొంచెం, ఒక్క అంగుళం, దాటించి వదలండి. కిక్కర్‌ని పూర్తిగా పైకి రానిచ్చి, యాక్సిలరేటర్ ముట్టుకోకుండా, ఒకే ఊపులో చివరిదాకా తొక్కండి. చల్లగా ఉంటే చోక్ వేయండి, వేడిగా ఉంటే వద్దు. సెట్టింగులు సరిగా ఉన్న ఇంజిన్ 55 కేజీల మనిషికి కూడా తొలి కిక్కుకో రెండో కిక్కుకో పలుకుతుంది. నలుగురి మధ్య బండి తీసేటప్పుడు దీన్ని మించిన దర్జా ఇంకోటి లేదు.

కార్బరేటర్ విషయంలో 1996కీ ఇప్పటికీ పెద్ద తేడా పెట్రోలే. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్. అది గాలిలోని తేమని పీల్చుకుంటుంది. కృష్ణ ఒడ్డున, అందులోనూ వానాకాలంలో, తేమకి కొదవలేదు. నిలవున్న ట్యాంకులో నీళ్లు అడుగుకి చేరి లోపల తుప్పు పట్టిస్తాయి. పాత పెట్రోల్ పైపు ఉబ్బి మెత్తబడుతుంది లేదా పగులుతుంది. ఫ్లోట్ సూది (కార్బరేటర్‌లోకి పెట్రోల్‌ని ఆపే సూది) చివరి రబ్బరు పాడై కార్బరేటర్ పొంగుతుంది. కాబట్టి మీ ట్యాంకులోని మూడేళ్ల పెట్రోల్ పూర్తిగా దించేసి, టార్చి వేసి లోపల చూడండి. ఎర్రగా ఉంటే పెట్రోల్ కాక్ తీసేసి, గుప్పెడు చిన్న నట్లు వేసి, తుప్పు తీసే ఫాస్ఫారిక్ యాసిడ్ ద్రావణం పోసి, గుడ్డ కట్టి ఊపి కడిగించండి. యాసిడ్ బయటి పెయింటు మీద పడితే మచ్చ పడుతుంది, జాగ్రత్త. కడిగిన వెంటనే పూర్తిగా ఆరబెట్టి కొంచెం ఆయిల్ కలిపిన పెట్రోల్‌తో లోపలంతా తడపాలి. లేకపోతే సాయంత్రానికల్లా మళ్లీ తుప్పు.

ఇథనాల్ పెట్రోల్‌తో ఇంజిన్‌కి ఇంధనం పలచబడినట్టే. కార్బరేటర్ ఎయిర్ స్క్రూని పూర్తిగా బిగించి, ఒకటిన్నర చుట్లు వదులు చేసిన చోట మొదలుపెట్టి, ఐడిల్ నిలకడగా ఉండేచోట ఆపండి. 5 కి.మీ. ఒకే వేగంతో నడిపి ఆపి ప్లగ్ తీస్తే కాఫీపొడి రంగులో ఉండాలి. తెల్లగా కాలి ఉంటే మెయిన్ జెట్ (పెట్రోల్ వెళ్లే సన్న రంధ్రం) ఒక సైజు పెంచండి. నల్లగా మసి ఉంటే తగ్గించండి. ఆదివారమే తీసే బండి అయితే ఇంటికి వచ్చే ముందు పెట్రోల్ కాక్ మూసి, కార్బరేటర్ ఖాళీ అయ్యి తనంతట తానే ఆగేదాకా నడపండి.

ఐడిల్ సంగతి గట్టిగా చెప్పాలి. 'డుగ్… డుగ్… డుగ్' అని లెక్కపెట్టేంత నెమ్మదిగా ఐడిల్ పెట్టించుకోవడం మనవైపు పెద్ద మోజు. వినడానికి అద్భుతంగా ఉంటుంది, నిజమే. కానీ ఆయిల్ పంపు ఇంజిన్ వేగంతోనే తిరుగుతుంది. ఐడిల్ అంత పడిపోతే బిగ్ ఎండ్ బుష్‌కి ఆయిల్ చాలదు, బ్యాటరీ చార్జింగూ సరిగా ఉండదు. నిమిషానికి 900 నుంచి 1,000 చుట్ల మధ్య ఉంచండి. ఆ వేగంలోనూ ఈ లాంగ్ స్ట్రోక్ ఇంజిన్ గొంతు మారదు. బోరు 70 మి.మీ., స్ట్రోక్ 90 మి.మీ. ఉన్నప్పుడు ఆ గంభీరం పుట్టుకతోనే వస్తుంది.

అందుకే పంజాబీ సైలెన్సర్ వద్దన్నది. ఒరిజినల్ పొడుగు సైలెన్సర్‌తో వచ్చేదే అసలు శబ్దం. లోపల జాలీ లేని పైపు పెడితే మిశ్రమం ఇంకా పలచబడి, యాక్సిలరేటర్ వదిలినప్పుడల్లా ఢాం ఢాం అంటుంది, ఎగ్జాస్ట్ వాల్వు కాలుతుంది. పైగా మోటారు వాహనాల చట్టం 190(2) సెక్షన్ కింద శబ్ద నిబంధన మీరితే 10,000 రూపాయల దాకా జరిమానా, లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ. ఆ శబ్దానికి తిరిగే తలల్లో మెచ్చుకునేవి ఉండవు. ఆసుపత్రి ముందు, బడి ముందు అలా వెళ్లడం బండికీ పరువు కాదు.

గుంటూరు, విజయవాడ మధ్య 35 కి.మీ. పైచిలుకు జాతీయ రహదారి. 60 నుంచి 70 మధ్య వేగం ఈ బండికి హాయి. మే నెలలో 44 డిగ్రీల ఎండలో 90 దాటించి పావుగంట పట్టుకుంటే కాస్ట్ ఐరన్ బోరులో పిస్టన్ పట్టేయగలదు. పట్టేసే ముందు బండి ఎవరో వెనక్కి లాగుతున్నట్టు బరువెక్కుతుంది. వెంటనే క్లచ్ పట్టి పక్కకి తీయండి. మరీ తక్కువ వేగంలో టాప్ గేర్లో ఈడ్చడం కూడా తప్పే, బిగ్ ఎండ్‌కి అది దెబ్బమీద దెబ్బ. 40 లోపు మూడో గేరు వాడండి. కొత్తగా బోరు చేయించాల్సి వస్తే మొదటి 500 కి.మీ. 45 దాటొద్దు.

బ్రేకుల మీద ఖర్చు తగ్గించకండి. రెండు వైపులా కొత్త లైనర్లు, కొత్త ముందు బ్రేక్ కేబుల్, డ్రమ్ములు గీతలు పడి ఉంటే ఆటోనగర్ లేత్‌లో పలచగా తీయించడం. అయినా డ్రమ్ము డ్రమ్మే. ముందు డిస్క్ బ్రేక్ బండి ఉంటే మీరు దాని వెనక రెట్టింపు దూరం వదలాలి. టైర్ల పక్కన నాలుగంకెల తయారీ కోడ్ ఉంటుంది. మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. ఆరేళ్లు దాటితే అరగకపోయినా మార్చండి. 3.25-19 సైజు. గాలి ముందు 20, వెనక 28 పౌండ్లు. మీకు కుడివైపు బ్రేకు అలవాటయి ఉంటుంది. దీనికి గేరు కుడివైపు, ఒకటి పైకి మిగతా మూడు కిందికి. బ్రేకు ఎడమవైపు. వారం రోజులు లక్ష్మీపురం సందుల్లో తిప్పి కాళ్లకి అలవాటు చేశాకే హైవే ఎక్కండి. గేరు లివర్ వెనక ఉన్న చిన్న న్యూట్రల్ లివర్‌ని మడమతో నొక్కితే రెండు, మూడు, నాలుగు గేర్లలో దేన్నుంచైనా నేరుగా న్యూట్రల్ పడుతుంది. సిగ్నల్ దగ్గర అది ఎంత సుఖమో వాడితే తెలుస్తుంది.

డబ్బు మిగిలితే ఇప్పుడు అందం. ట్యాంకు మీది బంగారు గీతలు చేత్తో గీసినవి. పెయింటు రంగు వెలిసినా ఆ గీతలు నిలిచి ఉంటే దాన్ని గీకించకండి. సన్నని పాలిషింగ్ కాంపౌండ్‌తో రుద్ది మైనం పట్టించండి. స్టిక్కర్ గీతలున్న కొత్త ట్యాంకు కంటే అది వందరెట్లు మేలు. తెలిసినవాళ్లు ముందు చూసేది దాన్నే. రిమ్ములు తుప్పు తిని గుంటలు పడితేనే క్రోమ్. పైపై మచ్చలు సన్నటి స్టీల్ ఊలుతో పోతాయి. ఒరిజినల్ భాగం ఏది మార్చినా పాతది పారేయకండి, మెకానిక్ దగ్గర వదలకండి.

కాగితాలు మర్చిపోవద్దు. రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకి, ఆ తర్వాత ఐదేళ్లకొకసారి ఫారం 25తో పునరుద్ధరించాలి. 1996 బండి అయితే 2011, 2016, 2021, 2026 వరుస. ఏదైనా తప్పిపోయి ఉంటే మోటార్ సైకిల్‌కి ఆలస్యమైన ప్రతి నెలకీ 300 రూపాయలు చేరుతుంది. రోడ్డెక్కే ముందే కట్టేయండి. ఇన్‌స్పెక్టర్ చాసిస్ నంబరు చూస్తారు కాబట్టి దాని మీద పెయింటు కొట్టనివ్వకండి. పొల్యూషన్ సర్టిఫికెట్ ఈ కాలపు బండికి ఆరు నెలలకొకసారి. ఆర్సీ మీ పేరుకి మార్చుకోవాలంటే ఫారం 29, 30. నాన్నగారు లేకపోతే ఫారం 31. జిల్లాకో కోడ్ పోయి రాష్ట్రమంతా ఒకే కోడ్ అయిపోయిన ఈ రోజుల్లో గుంటూరు పాత కోడ్ ఏపీ 07 ఉన్న నంబరు ప్లేటు చూసి గుంటూరోళ్లు ఆప్యాయంగా పలకరిస్తారు. ఆ నంబరు లాప్స్ కానివ్వకండి.

సీటు కింద డబ్బాలో ఒక ప్లగ్, పాయింట్ల సెట్టు, కండెన్సర్, క్లచ్ కేబుల్, చైన్ లింకు, ఫ్యూజులు, ఫీలర్ గేజ్ ఉంచండి. ముందు ఆయిల్ దించి, బ్రీదర్ రబ్బరు మార్చి, టాపెట్ డోర్ తీసి చూడండి. పుష్ రాడ్లు ఎలా తిరుగుతున్నాయో, రాకర్ పైపు దగ్గర ఆయిల్ ఎంతసేపటికి ఊరిందో, స్టార్టయ్యాక పొగ నీలమో తెలుపో రాయండి. నీలం పొగ పది నిమిషాల తర్వాత కూడా ఆగకపోతేనే బోరు విప్పే మాట, అప్పుడు ఏ సైజు పిస్టనో లెక్క చూద్దాం.